అయిదెకరాలకు ఏ నీళ్ల కాగితం? కొలరాడోలోని కోస్టియా కౌంటీపై ఒక కేస్ స్టడీ

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో అయిదెకరాల భూమి కొన్ని వేల డాలర్లకే అమ్మకానికి కనబడిందంటే అది చాలామట్టుకు కోస్టియా కౌంటీలోదే. ఫొటోలో వెనకాల 14 వేల అడుగులు దాటిన బ్లాంకా శిఖరం, ముందు కనుచూపు మేర సేజ్ పొదలు. కింద ఒక్క వాక్యం: బోరు వేసుకోవచ్చు, సోలార్ పెట్టుకోవచ్చు, ఇక మీ ఇష్టం. అందులో ఏ ముక్కా అబద్ధం కాదు. కాకపోతే ప్రతి ముక్కకీ ఒక షరతుంది, ఆ షరతు ప్రకటనలో ఉండదు.

తూచడానికి ఒక కొలత పెట్టుకున్నాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. మొదట్లో సెలవుల్లో వచ్చిపోతూ చిన్న ఇల్లు కట్టుకుంటారు, తర్వాత అక్కడే ఉండిపోతారు. కూరగాయలు పండాలి, కోళ్లు ఉండాలి, వీలైతే రెండు మేకలు. దారులు మూసుకుపోయినా, ఊరంతా కరెంటు పోయినా రెండు వారాలు బయటి సాయం లేకుండా నెట్టుకురావాలి. ఈ కొలతకు కౌంటీ సరిపోతుందా అన్నదే ప్రశ్న. భూమి ధర పెరుగుతుందా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కోస్టియా విస్తీర్ణం సుమారు 1,230 చదరపు మైళ్లు. 2020 జనగణనలో తేలిన జనం 3,499. చదరపు మైలుకు ముగ్గురు కూడా లేరు. దక్షిణాన న్యూ మెక్సికో, పడమటి హద్దు రియో గ్రాండే నది, తూర్పున సాంగ్రే దె క్రిస్టో కొండలు. ముఖ్యపట్టణం శాన్ లూయిస్ 1851లో వెలిసింది. కొలరాడోలో అప్పట్నుంచి ఎడతెగకుండా జనం ఉంటున్న ఊళ్లలో అదే పాతది. ఊరి ఎత్తు దాదాపు 8 వేల అడుగులు. ఈ అంకె ఒకటి గుర్తుంచుకోండి. పప్పు ఉడకడం దగ్గర్నుంచి జనరేటర్ స్టార్టవడం దాకా అన్నిటికీ ఇదే అడ్డం వస్తుంది.

పేరుకు ఒక కౌంటీ గానీ నేల మూడు రకాలు. ఒకటి, చదును మైదానంలో ఎక్కువగా 1970ల ప్రాంతంలో కంపెనీలు గళ్లు గీసినట్టు కోసి అమ్మిన అయిదెకరాల ప్లాట్లు. రెండు, తూర్పున పిన్యాన్, జూనిపర్ చెట్లున్న కొండవాలు ప్లాట్లు. మూడు, శాన్ లూయిస్ చుట్టూ కులెబ్రా వాగు కింద పాత కాలువలతో పారే సన్నటి పొడవాటి పొలాలు. ప్రకటనల్లో కనబడేవి మొదటి రెండే.

నీళ్లు

లోయ అడుగున ఏడాదికి పడేది 7 నుంచి 10 అంగుళాలు, అంటే 180 నుంచి 250 మిల్లీమీటర్లు. అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం 550 పైచిలుకు. కరువుసీమ అని మనం పేరు పెట్టుకున్న చోట పడేదాంట్లో సగం కూడా ఇక్కడ పడదు. అందులోనూ కొంత మంచుగా పడి, ఎండకీ గాలికీ నేలలో ఇంకకుండానే ఆవిరైపోతుంది.

ఇది ప్రకృతి లెక్క. చట్టం లెక్క ఇంకా బిగువు. కొలరాడోలో నేల కొన్నంత మాత్రాన కింది నీళ్లు మీవి కావు. ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు. రియో గ్రాండే నీళ్లను కొలరాడో, న్యూ మెక్సికో, టెక్సాస్ 1938 నాటి ఒప్పందం ప్రకారం పంచుకుంటాయి. ఉన్న నీళ్లకన్నా రాసిచ్చిన హక్కులే ఎక్కువ. అందుకని చిన్న బోరుకైనా రాష్ట్ర జలవనరుల విభాగం పర్మిట్ కావాలి. ఈ లోయను చూసేది అలమోసాలో ఉన్న డివిజన్ 3 ఆఫీసు.

పర్మిట్‌లో గీత 35 ఎకరాల దగ్గర పడుతుంది. 35 ఎకరాలు, ఆపైన ఉంటే మామూలుగా ఇంటివాడకానికీ, పశువులకూ, ఒక ఎకరం వరకు తోటకీ సరిపడే బోరు ఇస్తారు. పంపు నిమిషానికి 15 గ్యాలన్లు మించకూడదు. 35 ఎకరాలకన్నా తక్కువైతే, అదీ ఆ ప్లాటు 1972 జూన్ 1కి ముందే విడగొట్టిందైతే, చాలాచోట్ల దొరికేది "ఇంటి లోపలి వాడకానికి మాత్రమే" అనే పర్మిట్. వంట, స్నానం, బట్టలు, పాయిఖానా. అంతే. బయట పైపు పెట్టి మిరప మొక్కకు ఒక చెంబెడు పొయ్యకూడదు, మేకకు తొట్టి నింపకూడదు. ఆ తేదీ తర్వాత విడగొట్టిన చిన్న ప్లాటైతే నీటి సరఫరా ఏర్పాటు విడిగా చూపించాల్సి రావచ్చు. ప్లాన్ కాగితం రిజిస్టరైన తేదీ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదన్నది ఇందుకే.

ఇది పంతానికి పెట్టిన నియమం కాదు. ఇంట్లో వాడిన నీళ్లు సెప్టిక్ ట్యాంకు, దాని వెంట నీళ్లను నేలలోకి ఇంకించే లీచ్ ఫీల్డు మీదుగా చాలావరకు మళ్లీ భూమిలోకే పోతాయి. తోటకు పోసిన నీళ్లు గాలిలో కలిసిపోతాయి, కింద పాత హక్కున్న రైతుకు ఆ మేర తగ్గుతాయి. అందుకే ఈ రకం పర్మిట్‌కు మురుగు నీళ్లు ఆవిరి కాకుండా భూమిలోకి ఇంకే ఏర్పాటు కూడా షరతే. కంపోస్టు టాయిలెట్ పెట్టుకుంటాం, సెప్టిక్ అక్కర్లేదు అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

పక్కపక్కన ఏడు ప్లాట్లు కొంటే 35 ఎకరాలు అయిపోతుంది కదా అన్న తెలివి చాలామందికి తడుతుంది. ఆ లెక్క సొంతంగా వేసుకోవద్దు. ప్లాట్ల నంబర్లు రాసి డివిజన్ 3 ఆఫీసును అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి.

వాన నీళ్లు పట్టుకోవడానికీ హద్దుంది. 2016 ఆగస్టు నుంచి రాష్ట్రమంతటా ఇంటికి రెండు పీపాలు, కలిపి 110 గ్యాలన్లు, అదీ బయట తోటకు మాత్రమే. ఇంతకన్నా పనికొచ్చేది 2009 నాటి చట్టం. ఊరి నీళ్ల సరఫరా లేని పల్లె ఇంటికి బోరు పర్మిట్ వచ్చే అర్హత ఉంటే, ఆ బోరు నీళ్లు దేనికి వాడొచ్చో దానికే ఇంటికప్పు మీది వాన కూడా పట్టుకోవచ్చు. దానికి విడిగా పర్మిట్ తీసుకోవాలి. వెయ్యి చదరపు అడుగుల రేకు కప్పు మీద 8 అంగుళాల వాన పడితే, గాలికీ మంచుకీ పోయింది తీసేసి, చేతికొచ్చేది ఏడాదికి సుమారు 4 వేల గ్యాలన్లు. మనిషికి రోజుకు 12 గ్యాలన్ల పొదుపు వాడకం అనుకున్నా నలుగురికి 48. అంటే కప్పు నీళ్లు మూడు నెలలకు కూడా రావు.

బోరుకు బదులు నీళ్లు తోలుకుని భూమిలో పాతిన ట్యాంకులో నింపుకునేవాళ్లు మైదానంలో చాలామంది. కాగితం మీద తేలిగ్గా ఉంటుంది. నెలకు సుమారు 1,450 గ్యాలన్లు. తెల్ల ప్లాస్టిక్ పంజరం ట్యాంకు, 275 గ్యాలన్లది, నిండా నింపితే నీళ్ల బరువే 2,290 పౌండ్లు, ట్యాంకుతో కలిపి 2,400 దాటుతుంది. మామూలు హాఫ్ టన్ పికప్ మోయగలిగేది సాధారణంగా 1,500 నుంచి 2,000 పౌండ్లు, అందులో డ్రైవరు బరువూ కలిసే ఉంటుంది. సగం నింపి తోలదామంటే మలుపులో నీళ్లు ఒక పక్కకు ఊగి బండిని లాగేస్తాయి. బ్రేకులున్న ట్రైలరు కొనాలి, లేదా లోపల అడ్డుపలకలున్న ట్యాంకు. నెలకు అయిదారు ట్రిప్పులు, ఫిబ్రవరి బురదలో కూడా. కొనే ముందే నీళ్లు అమ్మే చోటు ఎక్కడ, చలికాలంలో తెరిచి ఉంటుందా, కౌంటీ బయటివాళ్లకు కూడా ఇస్తారా అన్నవి ఫోన్ చేసి కనుక్కోవాలి. 2,500 గ్యాలన్ల ట్యాంకు నిండుగా ఉంటే 48 చొప్పున 52 రోజులొస్తుంది. అత్యవసర నిల్వకు అది చక్కటి అంకె. తోటకు మాత్రం కాదు. వెయ్యి చదరపు అడుగుల తోటకు ఈ పొడి గాలిలో వారానికి ఒకటిన్నర అంగుళం తడి పెట్టాలంటే 935 గ్యాలన్లు, 14 వారాల పైరుకు 13 వేలు. పంజరం ట్యాంకుతో 48 ట్రిప్పులు. ఆ టమోటా ఒక్కోటి ఎంత పడుతుందో మీరే లెక్క వేసుకోండి.

బోరే వేద్దామనుకుంటే, జలవనరుల విభాగం ఆన్‌లైన్ మ్యాపులో చుట్టూ రెండు మైళ్లలో ఉన్న బోర్ల రికార్డులు తియ్యాలి. ప్రతిదానికీ మొత్తం లోతు, నీటి మట్టం, నిమిషానికి ఎన్ని గ్యాలన్లు అన్నవి మూడూ రాసుకోవాలి. అన్నిటికన్నా లోతైనదాన్ని ఆధారంగా తీసుకుని ఖర్చు వేసుకోవాలి, సగటును కాదు. బోరు వేసేవాళ్లు అడుగు లెక్కన తీసుకుంటారు. కేసింగ్, పంపు, ప్రెషర్ ట్యాంకు విడిగా ఉంటాయి. నీళ్లు పడకపోయినా డబ్బు డబ్బే. ఈ బాధ రాయలసీమ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

నీళ్లు పడ్డాక పరీక్ష. ఈ లోయ భూగర్భ జలాల్లో కొన్నిచోట్ల ఆర్సెనిక్ ఉంది. ఆర్సెనిక్, యురేనియం, నైట్రేట్, ఫ్లోరైడ్, బాక్టీరియా అన్నీ చూపించుకోవాలి. అమెరికా ప్రమాణం ప్రకారం ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు, యురేనియం 30 మించకూడదు. నల్గొండ ఫ్లోరైడు తెలిసినవాళ్లకు తేట నీళ్లు వేరు, మంచి నీళ్లు వేరని తెలుసు. కాచితే ఆర్సెనిక్ పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టరు పనిచేస్తుంది గానీ నీళ్లలో ఉన్నది ఆర్సెనిక్‌లో ఆర్సెనైట్ అనే రూపమైతే సరిగ్గా పట్టదు, ముందు దాన్ని క్లోరిన్ లాంటిదానితో ఆక్సీకరణ చేయాలి. ఒక గ్యాలన్ మంచినీళ్లకు మూడు నాలుగు గ్యాలన్లు వదిలేసే ఆర్వోను ఇల్లంతటికీ పెడితే నీరు తక్కువున్న బోరు ఖాళీ. వంటింటి కుళాయికి ఒక్కదానికి పెట్టుకోవాలి.

చలి, కరెంటు, వంట

పక్క కౌంటీలోని అలమోసాలో జనవరి రాత్రులు సగటున మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి. 1948 జనవరిలో మైనస్ 50 ఫారెన్‌హీట్ నమోదైంది. అందుకే బోరు నుంచి ఇంటికొచ్చే పైపు, ట్యాంకు, వాటి జాయింట్లు అన్నీ చలికి నేల గడ్డకట్టే లోతుగా కౌంటీ చెప్పేదానికన్నా కిందే పోవాలి. బోరు కేసింగ్ పక్కనుంచి భూమి లోపలే పైపు బయటికి తీసే పిట్‌లెస్ ఎడాప్టర్ పెడతారు. పెరట్లో కుళాయి కావాలంటే మూసినప్పుడు లోపలి నీళ్లు కిందికి జారిపోయే రకం హైడ్రెంటు కావాలి. దాని అడుగున కంకర పొయ్యకుండా బంకమట్టిలో పాతితే జారిన నీళ్లు పోయే దారి లేక మొదటి చలికే పగులుతుంది. పైపుకు చుట్టే హీట్ టేపు మీద ఆధారపడితే కరెంటు పోయిన రాత్రే, అంటే సరిగ్గా కావలసిన రాత్రే, అది పనిచెయ్యదు.

ఎండ మాత్రం కావలసినంత. ఇది ఈ కౌంటీకి ఉన్న నిజమైన ఆస్తి. ఫ్రిజ్, పంపు, లైట్లు, ఇంటర్నెట్, ప్రొపేన్ గ్యాసు హీటరు ఫ్యాను కలిపి రోజుకు 5 యూనిట్లు అనుకుందాం. డిసెంబరులో పనికొచ్చే ఎండ రోజుకు నాలుగున్నర గంటలని, పోయేది 30 శాతమని వేసుకుంటే 1.6 కిలోవాట్లు వస్తుంది. 2 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టుకోవాలి. మంచు జారిపోయేలా నిటారుగా, వసంతంలో వీచే ఈదురుగాలికి కొట్టుకుపోకుండా కాంక్రీటు పునాదులతో. రెండు రోజుల మబ్బుకు వాడదగిన నిల్వ 10 యూనిట్లు కావాలంటే 12 నుంచి 13 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఈ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జి చేస్తే పాడవుతుంది. దానిలోని రక్షణ బోర్డు చార్జింగ్ ఆపేస్తుంది, బయట ఎండ కాస్తున్నా ఇంట్లో చీకటే. షెడ్డులో కాదు, ఇంటి లోపలే పెట్టాలి.

జనరేటర్ దగ్గర అందరూ చేసే పొరపాటు డబ్బా మీది అంకె నమ్మడం. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకు ఇంజను శక్తి మూడు, మూడున్నర శాతం తగ్గుతుంది. 8 వేల అడుగుల దగ్గర పావు వంతు పోయినట్టే. 3,500 వాట్లది 2,600 ఇస్తుంది. బోరు మోటారు స్టార్టయ్యేటప్పుడు నడిచేదానికన్నా కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది, ఆ క్షణాన జనరేటర్ మూలిగి ఆగిపోతుంది. కార్బరేటర్‌లో పెట్రోలు వదిలే జెట్‌ను ఎత్తుకు తగ్గ సన్నదిగా మారిస్తే ప్లగ్గు మసిపట్టడం, పెట్రోలు వృథా తగ్గుతాయి, పోయిన శక్తి మాత్రం తిరిగి రాదు. మోటారును మెల్లగా మొదలుపెట్టే సాఫ్ట్ స్టార్టర్ పెట్టుకోవాలి, లేదా మొదటే పెద్దది కొనాలి. ఇంటికి 20 అడుగుల అవతల నడపాలి, పొగ కిటికీ వైపు రాకూడదు, పడకగదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి.

ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ యంత్రం అవసరం పడేట్టుంటే లెక్క మొత్తం మారిపోతుంది. నిమిషానికి 5 లీటర్లిచ్చే యంత్రం ఆగకుండా 300 నుంచి 350 వాట్లు తీసుకుంటుంది, అదొక్కదానికే రోజుకు 7, 8 యూనిట్లు. ఇంటి మొత్తం వాడకంకన్నా ఎక్కువ. అమ్మానాన్నలను ఇండియా నుంచి పిలిపించుకునే ఆలోచన ఉన్నవాళ్లు, వాళ్లకు గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉంటే, ఈ ఎత్తు గురించి ముందు డాక్టరును అడగాలి.

ఇక వంట. ఈ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. తెరిచిన గిన్నెలో కందిపప్పుకు చాలా గ్యాసు అయిపోతుంది, శనగలు, రాజ్మా గంటల తరబడి ఉడికించినా మెత్తబడటం కష్టం. మన ప్రెషర్ కుక్కర్ ఇక్కడ రోజూ కావలసిన సామాను. సీసాల్లో కూరగాయలు నిల్వ చేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పులుపు లేని కూరలకు ప్రెషర్ క్యానర్‌లో సముద్రమట్టం దగ్గర వాడే 10 పౌండ్ల బరువు ఇక్కడ పనికిరాదు, 15 పౌండ్లదే పెట్టాలి. తక్కువ వేడిలో బతికిపోయే బాట్యులిజం సూక్ష్మజీవి వాసనతోగానీ రుచితోగానీ పట్టుబడదు. మన పద్ధతిలో ఉప్పు, నూనె, పులుపు దండిగా ఉన్న ఊరగాయలూ, ఎండబెట్టిన వరుగులూ ఈ పొడి గాలికి సులువైన దారి. వరుగులు రెండు రోజుల్లో గలగలమంటాయి.

మంటలు, దారులు

2018 జూన్ 27న కౌంటీ ఉత్తరాన ఉన్న ఫోర్ట్ గార్లాండ్ ఊరికి ఈశాన్యంగా అంటుకున్న స్ప్రింగ్ క్రీక్ కార్చిచ్చు కోస్టియా, వేర్ఫనో కౌంటీల్లో లక్షా 8 వేల ఎకరాలు కాల్చింది. 140కి పైగా ఇళ్లు పోయాయి. తూర్పుకు పోయే ఏకైక పెద్ద దారి, లా వేటా కనుమ మీది 160వ హైవే, మూతపడింది. కొండవాలు ప్లాట్లు కొనాలనుకునేవాళ్లు ముందుగా చూడవలసిన మ్యాపు ఆ మంట హద్దులదే.

ఫోర్ట్ గార్లాండ్ నుంచి తూర్పుకు కనుమ, పడమరకు అలమోసా. శాన్ లూయిస్ నుంచి దక్షిణాన 159 మీదుగా న్యూ మెక్సికో, పడమరకు 142 మీదుగా రియో గ్రాండే వంతెన దాటి మనాసా. కౌంటీకి దారులు తక్కువేం కాదు. ఇబ్బంది ప్లాటు నుంచి ఆ హైవే దాకా ఉన్న చివరి కొన్ని మైళ్లది. ప్లాను కాగితంలో 60 అడుగుల రోడ్డు అని గీత ఉంటుంది, నేల మీద రెండు టైర్ల జాడ ఉంటుంది. ఆ గీతను చదును చెయ్యడం, మంచు తియ్యడం కౌంటీ బాధ్యతా కాదా అన్నది రోడ్డు పేరు చెప్పి రోడ్ల విభాగాన్ని అడగాలి. చెయ్యని రోడ్డైతే ఫైరింజను రాదు, ప్రొపేన్ లారీ రాదు, ఇంటి బీమా దొరకడమూ కష్టమే. ప్రాంతీయ ఆసుపత్రి అలమోసాలో, శాన్ లూయిస్ నుంచి 40 మైళ్ల పైన. అంబులెన్సుకు ప్లాటు చేరడానికి పట్టే సమయాన్ని బండిలో మీరే తోలి కొలవాలి, ఒకసారి ఎండలో, ఒకసారి మంచు పడ్డ మర్నాడు.

ఇంటి చుట్టూ మొదటి 5 అడుగులు కంకర తప్ప ఏమీ ఉండకూడదు. 30 అడుగుల దాకా చెట్ల కింది కొమ్మలు నరికి, పొదలు తీసెయ్యాలి. పొయ్యికట్టెలు గోడకు ఆనించి పేర్చడం చలికాలంలో సౌకర్యం, జూన్‌లో ప్రమాదం.

కట్టెల విషయంలో ఇంకో చిక్కు. పశ్చిమ అమెరికాలో చాలా కౌంటీల్లో ప్రభుత్వ అడవి ఉంటుంది, పర్మిట్ కొని కట్టెలు తెచ్చుకోవచ్చు. కోస్టియా ఒకప్పుడు మెక్సికో ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకు రాసిచ్చిన భూదానం కింద ఏర్పడ్డది కాబట్టి నేల దాదాపు అంతా ప్రైవేటే. కులెబ్రా కొండ మీద కట్టెలు, మేత తెచ్చుకునే హక్కును కొలరాడో సుప్రీం కోర్టు 2002లో మళ్లీ నిలబెట్టింది గానీ, అది ఆ భూదానంలో మొదట స్థిరపడ్డ వాళ్ల భూములకు వారసులైనవాళ్లది. మైదానంలో ప్లాటు కొన్న కొత్తవాళ్లకు రాదు.

పైరు, పశువు

మంచు దెబ్బ లేని రోజులు మూడు నెలలు అటూ ఇటూ. జూన్‌లో ఒక రాత్రి, సెప్టెంబరు మొదట్లో ఒక రాత్రి మంచు కాస్తే మొక్క నల్లబడుతుంది. బంగాళదుంప, బఠాణీ, ముల్లంగి, క్యాబేజీ, పాలకూర, మెంతికూర, కొత్తిమీర బాగా వస్తాయి. లోయ అంతా బంగాళదుంపకు పేరు. శాన్ లూయిస్ వాళ్ల పాత రకం బొలీటా చిక్కుడు గింజ ఈ చలికి అలవాటు పడ్డది, విత్తనం స్థానికంగానే సంపాదించాలి. వంకాయ, గోంగూర, మిరప బయట వేస్తే ఆశ పడటమే మిగులుతుంది. ప్లాస్టిక్ గొట్టం గ్రీన్‌హౌస్ కావాలి, వసంతపు గాలికి ఆ ప్లాస్టిక్ చిరిగి ఎగిరిపోకుండా రెండు వైపులా నేలలో పాతాలి. మైదానం నేల క్షారంగా ఉంటుంది. ఏపుగా గ్రీజ్‌వుడ్ పొదలు పెరిగిన చోటు తోటకు పనికిరాదని వాటిని చూడగానే అనుకోవచ్చు.

అయిదెకరాల మీద ఆవు బతకదు. మేకలు కూడా కొన్న మేత మీదే. పైగా కొలరాడోలో కంచె వేసుకోవాల్సింది తోట గలవాడే. వేరేవాడి పశువు వచ్చి మేస్తే, చట్టం చెప్పిన కంచె మీకు లేకుంటే తప్పు మీదే.

మూడో రకం, అంటే శాన్ లూయిస్ పాత కాలువల కింది నేల దగ్గర ఈ లెక్కలన్నీ తిరగబడతాయి. శాన్ లూయిస్ పీపుల్స్ డిచ్ నీటి హక్కు 1852 నాటిది, రాష్ట్రంలో ఎడతెగకుండా వాడుకలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది. అసేకియా అనే ఈ కాలువలను వాటా ఉన్న రైతులే నడుపుకుంటారు. వంతులు వేసి తూము తెరిచే పెద్దను మయోర్డోమో అంటారు. తెలంగాణ చెరువు కింద నీరటికాడు చేసే పని అదే. 2009లో రాష్ట్రం ఈ పద్ధతికి చట్టంలో చోటిచ్చింది, దాని కింద సంఘం నియమాలు రాసుకుంటే నీటి వాటా అమ్మకంలో సంఘానికే మొదటి అవకాశం ఉండొచ్చు. కొనేటప్పుడు దస్తావేజులో నేలతో పాటు నీటి వాటా కూడా రాసి ఉందా అన్నది చూడాలి. నేలను ఒకరికి, నీళ్లను ఇంకొకరికి విడివిడిగా అమ్మేసి ఉండవచ్చు. పదేళ్లు వాడకుండా వదిలేసిన హక్కును వదులుకున్నట్టు లెక్కగట్టే వీలుంది, కాబట్టి గత పదేళ్ల తడి రికార్డు అడగాలి. కొండ మీద మంచు తక్కువ పడ్డ ఏడాది కాలువ జులైలోనే ఆగిపోతుంది. అప్పటికి బంగాళదుంప ఊరే దశలో ఉంటుంది. అందుకని మొదటి ఏడు పావు నేలకే విత్తనం వేసుకోవాలి.

కాగితాలు

రాష్ట్రం నీళ్లు చూస్తుంది, ఇల్లు కౌంటీ చూస్తుంది. ఆర్‌వీలో, అంటే చక్రాల మీది ఇంట్లో, ఎన్నాళ్లు ఉండొచ్చు, చిన్న ఇంటికి కనీస విస్తీర్ణం ఎంత, ట్యాంకు నీళ్లతో ఇంటికి అనుమతి ఇస్తారా, సెప్టిక్‌కు మట్టి పరీక్ష ఎవరు చేస్తారు. ఈ నాలుగూ ల్యాండ్ యూజ్ ఆఫీసులో అడిగి రాతలో తీసుకోవాలి. నియమాలు మారుతుంటాయి, పాత వీడియోల్లో చెప్పినవాటిని నమ్ముకోకూడదు. అమ్మేవాడు ఇచ్చేది క్విట్ క్లెయిమ్ దస్తావేజైతే, తనకు హక్కు ఉంటే అది మీకు ఇస్తున్నాడు, లేకపోతే ఏమీ లేదు. టైటిల్ కంపెనీ చేత హక్కులు వెతికించి, బీమాతో, హక్కుకు అమ్మేవాడు పూచీపడే వారంటీ దస్తావేజు తీసుకోవాలి. పన్ను బకాయిలు కౌంటీ ట్రెజరర్ దగ్గర తెలుస్తాయి. ప్లాటు మూలలు జీపీఎస్ యాప్‌తో కాదు, సర్వేయరు పాతిన ఇనుప కడ్డీతో తేల్చుకోవాలి. పొరుగు ప్లాటులో షెడ్డు కట్టినవాళ్లు ఈ మైదానంలో లేకపోలేదు.

తీర్పు

మైదానంలో అయిదెకరాలు: రెండు వారాల అత్యవసర నివాసానికి పనికొస్తుంది. భూమిలో నిండా 2,500 గ్యాలన్ల ట్యాంకు, 2 కిలోవాట్ల సోలార్, లోపల బ్యాటరీ, సరిపడా ప్రొపేన్, ఏడాదిలో ఏ నెలైనా చేరగలిగే దారి, ఈ అయిదూ కుదిరితేనే. పంటకూ పశువుకూ మాత్రం తగదు, "ఇంటి లోపలి వాడకం" బోరుంటే అసలు తగదు.

కొండవాలు ప్లాటు: చూపుకు అన్నిటికన్నా అందం, మంటకు అన్నిటికన్నా దగ్గర. 2018 మంట హద్దుకు పక్కనే ఉండి, పోయే దారి ఒక్కటే అయితే వదిలెయ్యాలి.

35 ఎకరాలకు పైబడి, పక్క బోర్ల రికార్డు బాగున్న నేల: మన కొలతకు సరిపోతుంది. కానీ అప్పుడు చవక అన్న మాట పోతుంది. బోరు, కంచె, దారి కలిస్తే నేల ధరను మించిపోతాయి.

కాలువ కింది పొలం: వాటా దస్తావేజులో ఉంటే కౌంటీలో ఇదొక్కటే నిజంగా హోమ్‌స్టెడ్, అంటే సొంతంగా పండించుకు బతికే ఇల్లూ పొలమూ, అనదగ్గది. ఇంటి నీళ్లకు బోరు నియమాలు ఇక్కడా అవే, తోటకు మాత్రం కాలువ ఉంది. ఇలాంటివి ప్రకటనల్లో దాదాపు కనబడవు, అమ్మేవాళ్లు ముందు కాలువ మీది వాళ్లకే చెబుతారు. వసంతంలో అసేకియా పూడిక తీసే రోజున శాన్ లూయిస్ వెళ్లి, మయోర్డోమోకు నమస్కారం చెప్పి, పార పట్టుకుని మధ్యాహ్నం దాకా పనిచేస్తే ఏ పొలం ఎవరు అమ్మబోతున్నారో వాళ్ల నోటే వినొచ్చు.